ఈడ్పు గాలము, దాని దారము

సముద్రపు వేట అనగానే మన మనస్సుకు ముందుగా వల తోస్తుంది. గాలము అనగానే చెరువు గట్టున కూర్చుండి బెండు వంక చూస్తున్న మనిషి తోస్తాడు. ఈ రెంటికీ చెందని వేట మరొకటి ఉన్నది. పడవ ముందుకు సాగిపోతూ ఉండగా దాని వెనుక పొడవైన దారమును నీటిలోనికి విడుస్తారు. దారపు కొసను ఎరచేపను గాని, మెరిసే చిప్పను గాని, ఈకల కుచ్చును గాని కట్టి ఈడ్చుకొని పోతారు. అది పారిపోతున్న చిన్న చేప అని భ్రమించి పెద్ద చేప వెంటబడి కరుస్తుంది. ఆంగ్లములో ఈ పద్ధతికి ట్రోలింగ్ అని పేరు. సముద్రపు అడుగున పెద్ద వలను లాగే ట్రాలింగ్ వేరు, ఇది వేరు. ఉచ్చారణలో దగ్గర కావటము వల్ల పత్రికలలో సైతము ఈ రెంటినీ కలిపివేస్తూ ఉంటారు. మన సౌకర్యము కొరకు దీనిని ఈడ్పు గాలము అందాము.

ఈ వేటలో గాలపు ముల్లుకు ఎంత ప్రాముఖ్యమున్నదో దారమునకు అంతకన్న ఎక్కువ ప్రాముఖ్యమున్నది. చెరువులో చేప మెల్లగా ఎరను రుచి చూస్తుంది. ఇక్కడ అట్లా కాదు. పడవ ఒక దిక్కుకు పరుగెత్తుతూ ఉంటుంది; చేప ఎరను పట్టి మరొక దిక్కుకు దూసుకొనిపోతుంది. ఆ రెండు వేగముల మధ్య కుదుపు మొత్తము ఒక్క క్షణములో దారము మీద పడుతుంది. కనుక దారము బలమైనదై ఉండాలి. బలము కొరకు లావు చేస్తే చేప కంటికి కనబడుతుంది. పైగా నీరు దానిని పట్టి వెనుకకు లాగుతుంది. సన్నము చేస్తే తెగుతుంది. కుదుపును మింగటానికి కొంత సాగాలి. మరీ సాగితే ముల్లు చేప నోట దిగదు. వంజరము వంటి చేపల పళ్ళు కత్తెర వంటివి. వాటికి తట్టుకొనేది లోహపు తీగ ఒక్కటే. కాని తీగ సాగదు, మెలిపడితే విరుగుతుంది, ఎండ పడితే మెరుస్తుంది.

ఇన్ని గుణములు ఒకే వస్తువులో లేవు. అందువలన వేటగాండ్రు చాలా కాలము క్రితమే ఒక రాజీకి వచ్చినారు. పొడవైన ప్రధాన దారము ఒక పదార్థముతోను, ముల్లుకు ముందుండే కొన్ని బారల కొసను మరొక పదార్థముతోను కట్టటము మొదలుపెట్టినారు. ఈ కొసనే లీడరు అంటారు. ఏ కాలములో ఏ పదార్థమును ఎందుకు ఎన్నుకొన్నారు, ఎందుకు విడిచినారు అన్నది పరిశీలిస్తే, అధిక బలము గలదే ఎప్పుడూ గెలిచినది కాదని తేలుతుంది. ఆ సంగతినే ఈ ప్రసంగములో వివరింపదలచినాను.

ఈడ్పు గాలమును గొప్ప విద్యగా సాధించినవారు పసిఫిక్ మహాసముద్ర ద్వీపవాసులు. పాలినీషియా ప్రజలు ముత్యపు చిప్ప ముక్కను చిన్న చేప ఆకారమున అరగదీసి, దానికి ఎముకతోనో తాబేటి చిప్పతోనో చేసిన ముల్లును కట్టి, దోనెలను వేగముగా తెడ్లు వేసి నడుపుతూ సూర జాతి చేపలను పట్టేవారు. వేరే ఎర అక్కరలేదు. చిప్ప తళతళయే ఎర. హవాయి ద్వీపములలో ఈ దారమునకు ఒలోనా అనే పొద నారను వాడినారు. తడి అడవులలో పెరిగే ఆ మొక్క బెరడును ఒలిచి, గీకి, నారను తొడపై పేని త్రాడు చేసేవారు. మొక్కల నారలలో దీనికి సాటి వచ్చేవి బహు అరుదు. అక్కడి నాయకులు ప్రజల వద్ద నుండి ఒలోనాను పన్నుగా వసూలు చేసేవారంటే దాని విలువ ఊహింపవచ్చును. ఉప్పునీటికి త్వరగా చివకదు. ఒక తరమువారు చేసిన త్రాడును మరొక తరమువారు వాడేవారు. పంతొమ్మిదవ శతాబ్దములో ఆ ద్వీపములకు వచ్చిన తిమింగిలపు వేట ఓడలవారు కూడ దీనిని కొనుక్కొనిపోయినారు.

మన తీరములో కూడ ఇటువంటి నారలు లేకపోలేదు. విండ్లకు నారి కట్టిన మూర్వను సంస్కృత గ్రంథములు చెప్పుతాయి. తెలుగులో చాగ అనేది ఆ జాతి మొక్కయే. అరటినారవలె కాక సన్నగా, తెల్లగా, గట్టిగా ఉండే నార దానిది. పద్ధెనిమిదవ శతాబ్దము చివర సామర్లకోటలో తోట వేసి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ ఈ నార పటుత్వమును రష్యా దేశపు జనుపనారతో పోల్చి పరీక్షించినాడు. ఆ రోజులలో ఓడల మోకులకు రష్యా నారయే ప్రమాణము. ఇక పొలము గట్లపై ఎవ్వరూ లక్ష్యపెట్టని జిల్లేడు ఉన్నది గదా, దాని కాండపు నార కూడ పట్టువలె మెరుస్తూ, తడికి తట్టుకొంటూ ఉండటము వల్ల దేశములో అనేక ప్రాంతములవారు దానితో వింటి నారులను, గాలపు దారములను పేనుకొన్నారు. నారికీ గాలపు దారమునకూ కావలసిన గుణము ఒక్కటే కావటము గమనింపదగినది. అకస్మాత్తుగా పడే కుదుపును రెండూ భరింపవలె.

గాలపు వేటను రాజవినోదముగా వర్ణించిన గ్రంథము కూడ మన ప్రాంతమునకు దూరమైనది కాదు. తెలంగాణములో పెక్కు భాగము పశ్చిమ చాళుక్యుల ఏలుబడిలో ఉన్న కాలమున, కల్యాణి రాజధానిగా పాలించిన మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున మానసోల్లాసమును రచించినాడు. అందులో మత్స్యవినోదము ఒక భాగము. ఏ చేపకు ఏ మేత వేయవలె, దానిని ఎట్లు పట్టవలె అని రాజు స్వయముగా వివరించినాడు. జీవశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా 1951లో ఈ భాగముపై వ్యాసము ప్రకటించిన తరువాత మత్స్యశాస్త్రజ్ఞుల దృష్టి దీనిపై పడినది. అయితే ఇది ప్రధానముగా మంచినీటి గాలపు వేట. పడవ వెనుక ఈడ్చేది కాదు.

ఐరోపాలో కథ మరొక దారిన నడిచినది. అక్కడ శతాబ్దములపాటు గాలపు దారము అంటే గుఱ్ఱపు తోకవెంట్రుక. మగ గుఱ్ఱపు వెంట్రుకయే మేలు, ఆడ గుఱ్ఱపు తోక మూత్రముతో తడిసి బలహీనపడుతుంది అని గ్రీకు రచయిత ప్లూటార్కు సుమారు 1,900 ఏండ్ల క్రిందటనే వ్రాసినాడు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలపు వేట గ్రంథమొకటి ఏ చేపకు ఎన్ని వెంట్రుకల దారము కావలెనో లెక్కగా చెప్పినది. అతి చిన్న చేపకు ఒక్క వెంట్రుక చాలును. పెద్ద ట్రౌటుకు 12, సాల్మనుకు 15 కావలె. అంతేగాక వెంట్రుకలకు రంగులద్దే విధానము కూడ అందులో ఉన్నది. నీరు తేటగా ఉండే ఋతువునకు ఒక రంగు, ఆకులు రాలే ఋతువునకు మరొక రంగు, నల్లని బురద నీటికి ఇంకొక రంగు. చేప కంటికి దారము కనబడరాదు అన్న చింత ఎంత పురాతనమైనదో దీనివలన తెలుస్తున్నది.

ఆ గ్రంథములోనే మరొక చిన్న మాట ఉన్నది. పదునైన పళ్ళుగల పైకు చేపను పట్టవలెనంటే దారపు కొసను తీగతో దిట్టపరచవలెనట. లోహపు లీడరు అప్పటికే వాడుకలో ఉన్నదని దీని అర్థము. 1682లో రాబర్టు నాబ్స్ అనే ఆయన ట్రోలింగును గూర్చి ప్రత్యేకముగా ఒక పుస్తకము ప్రకటించినాడు. అయితే ఆ కాలమున ఆ మాటకు అర్థము వేరు. చచ్చిన చేపను ముల్లుకు గుచ్చి, నీటిలో ముంచుతూ లాగుతూ పైకు చేపను ఊరించటమునకే ఆ పేరు ఉండేది. పడవ వెనుక ఈడ్చటము అనే అర్థము తరువాత స్థిరపడినది.

గుఱ్ఱపు వెంట్రుకలో ఒక సుగుణము ఉన్నది. అది కొంత సాగి మళ్ళీ ముడుచుకొంటుంది. అప్పటివారు దానిని పెద్దగా మెచ్చుకొన్నట్లు కనబడదు. వారి కోరిక సన్నదనము మీద ఉన్నది. 1667 మార్చి నెలలో శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో ఒక ముచ్చట వ్రాసుకొన్నాడు. ఆయన ఎరిగిన వీణెగాడొకడు తన వాద్యమునకు కట్టే నరపు తంత్రిని తీసుకొని, నీటికి ఉబ్బకుండ దానికి వార్నిషు పూసి గాలమునకు కట్టి చూచినాడట. బలములోను, సన్నదనములోను వెంట్రుక దానికి చాలదని చెప్పినాడట. సంగీతమునకూ గాలమునకూ మధ్య ఈ చుట్టరికము ఇంతటితో ఆగలేదు. తరువాతి కాలమున లీడరుగా వాడిన ఉక్కు తీగ పియానోకు కట్టే తీగయే. 1940లలో నైలాను వచ్చినప్పుడు గిటారుకు కట్టినదీ, గాలమునకు కట్టినదీ ఒకే పదార్థము.

పద్ధెనిమిదవ శతాబ్దము నుండి పట్టుపురుగు నరము ప్రచారమునకు వచ్చినది. దీనిని గూర్చి కొంత వివరముగా చెప్పవలె. ఇది పట్టు దారము కాదు. గూడు అల్లబోయే పురుగు కడుపులో పట్టు ద్రవము నిండిన గ్రంథులు రెండు ఉంటాయి. పురుగును వినిగరులో నానబెట్టి, ఆ గ్రంథిని వెలికితీసి, రెండు కొసలూ పట్టి ఒక్క లాగున సాగదీస్తే అది మూరెడు పొడవున గట్టిపడి, గాజువలె పారదర్శకమైన పోగు అవుతుంది. స్పెయిను దేశములోని ముర్సియా ప్రాంతము ఈ పరిశ్రమకు ప్రసిద్ధి చెందినది. అక్కడ తయారైన పోగులను శస్త్రవైద్యులు గాయములు కుట్టటానికి కొన్నారు. వేటగాండ్రు లీడరులకు కొన్నారు. దక్షిణ చైనాలోని మరొక జాతి పురుగు నుండి తీసిన ఇటువంటి పోగును జపాను బెస్తలు తెగుసు అనే పేరుతో వాడినారు.

నీటిలో కనబడకుండుటలో దీనిని మించినది అప్పటికి లేదు. లోపములు కూడ తక్కువ కాదు. ఒక్కొక్క పోగు మూరెడే కనుక పొడవు కొరకు ఎన్నో ముడులు వేయవలె. ప్రతి ముడీ ఒక బలహీన స్థానము. ఎండినప్పుడు పెళుసు, వేటకు ముందు గంటల తరబడి నానబెట్టనిదే ముడి వేయరాదు. వేడికీ వెలుతురుకూ త్వరగా చెడిపోతుంది. మన దేశపు నదులలో మహసీరు చేపల వేటను గూర్చి 1873లో పుస్తకము ప్రకటించిన మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెచ్. ఎస్. థామస్ వంటివారి కాలమున ఈ సామగ్రి అంతా ఓడల మీద సీమ నుండి రావలసినదే. సముద్రపు పెద్ద చేపలకు అది ఎట్లాగూ చాలదు.

పెద్ద చేపల కథ కాలిఫోర్నియా తీరమున కాటలీనా ద్వీపము వద్ద మలుపు తిరిగినది. 1898లో చార్లెసు హోల్డరు అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు అక్కడ 183 పౌండ్ల సూర చేపను కర్రగాలముతో పట్టినాడు. అంతకుముందు అటువంటి చేపలను చేతిత్రాళ్ళతో లాగేవారు. ఆ సంవత్సరమే అక్కడ ట్యూనా క్లబ్బు వెలసినది. కర్రకు బిగించిన చక్రపు రాట్నము, అనగా రీలు, ఆనాడు చాలా మొరటు వస్తువు. చేప పరుగెత్తితే దాని పిడి గిరగిర వెనుకకు తిరిగి వేళ్ళ కణుపులను చిదుకగొట్టేది. దారమును అదుపు చేయటానికి ఉన్న సాధనము ఒక తోలుముక్కను బొటనవ్రేలితో అదిమిపట్టటమే. తరువాత విలియం బోషెను అనే వేటగాని సూచన ప్రకారము రీలు లోపలనే రాపిడి బిళ్ళలు అమర్చినారు. దారము ఒక హద్దు దాటి బిగిసినప్పుడు తనంతట తానే జారిపోతుంది. బోషెను ఆ రీలుతోనే 1913లో కత్తిచేపను కర్రగాలముతో పట్టిన మొదటి మనిషి అయినాడు.

ఆ కాలపు దారము నారబట్టకు వాడే అవిసె నూలుతో పేనినది. అమెరికాలో మసాచుసెట్సు తీరమందలి కటీహంకు అనే చిన్న దీవి పేరు దానికి స్థిరపడినది. అవిసె నూలుకు ఒక విచిత్ర గుణము కలదు. అది పొడిగా ఉన్నప్పటికంటె తడిసినప్పుడు ఎక్కువ బలముగా ఉంటుంది. దాని లావును పేటలలో లెక్కించేవారు. తడిసిన ఒక్కొక్క పేట సుమారు 3 పౌండ్ల బరువు మోస్తుంది. ఆ లెక్కన 24 పేటల త్రాడు 72 పౌండ్లు, 39 పేటల త్రాడు 117 పౌండ్లు మోయవలె. ట్యూనా క్లబ్బువారు పెద్ద సామగ్రికి 24 పేటలు, తేలిక సామగ్రికి 9 పేటలు అని హద్దులు పెట్టినారు. మరి కొందరు సాహసులు ఆరడుగుల కర్ర, ఆరు ఔన్సుల బరువు, ఆరు పేటల త్రాడు అని ఇంకను కఠినమైన నియమము పెట్టుకొన్నారు.

ఈ నియమములను వట్టి క్లబ్బు వేడుకలుగా కొట్టిపారవేయరాదు. లావుపాటి మోకుతో చేపను బలవంతముగా ఈడ్చివేయటము ఒకటి. సన్నని త్రాటితో గంటల తరబడి దాని బలమును అలయజేయటము మరొకటి. వేటగాని నేర్పును కొలవటానికి దారమే త్రాసు అయినది. 1939లో అంతర్జాతీయ క్రీడా మత్స్యవేట సంఘము న్యూయార్కులో ఏర్పడి, రికార్డులను దారపు తరగతులను బట్టి లెక్కించే పద్ధతిని ప్రపంచమంతటికి వర్తింపజేసినది. దీనివలన ఒక వింత పరిణామము కలిగినది. రికార్డు కోరేవానికి దారము చెప్పినదానికంటె తక్కువ బలముగా ఉన్నా చిక్కే, ఎక్కువ బలముగా ఉన్నా చిక్కే. పట్టిన చేపతోపాటు దారపు ముక్కను కూడ పంపవలె. దానిని నీటిలో నానబెట్టి తెంపి చూస్తారు. చెప్పిన తరగతికి మించి బలము చూపితే ఆ రికార్డు ఆ తరగతిలో చెల్లదు. లీడరు పొడవునకు కూడ హద్దు ఉన్నది. సముద్రపు వేటలో 20 పౌండ్ల తరగతి వరకు 15 అడుగులు, ఆపైన 30 అడుగులు.

అవిసె త్రాటితో ఇంటిల్లిపాదికీ పని. ఉప్పునీటి నుండి వచ్చిన ప్రతిసారీ రీలు నుండి వందల గజముల త్రాటిని విప్పి, మంచినీట కడిగి, పెద్ద చట్రము మీద చుట్టి నీడన ఆరబెట్టవలె. ఒక్క రాత్రి అశ్రద్ధ చేస్తే లోపలి పొరలు చివికి, మరునాడు జీవితములో ఒకసారి దొరికే చేప దానిని తెంపుకొనిపోవచ్చును. మన తీరపు మత్స్యకారులు నూలు దారములతో, నూలు వలలతో ఈ కష్టమునే పడినారు. వాటిని చెట్ల బెరడు కాచిన కషాయములో పదే పదే ముంచి ఎండవేయటము వారి నిత్యకృత్యము. అక్కడ క్రీడ, ఇక్కడ కూడు. దారము చివికినప్పుడు కలిగే నష్టము రెండు చోట్లా ఒక్కటి కాదు.

ఈ చివుకుడును రూపుమాపినది నైలాను. అమెరికాలో డ్యూపాంటు కంపెనీ ప్రయోగశాలలో వాలెసు కరోథర్సు బృందము దానిని 1935 ఫిబ్రవరిలో తయారుచేసినది. అంతకు అయిదేండ్ల ముందే ఆయన సహచరుడు జూలియను హిల్ ఒక సంగతి కనిపెట్టి ఉన్నాడు. కరగిన కృత్రిమ పదార్థమునుండి గాజు కడ్డీతో తీసిన పోగును, అది చల్లారిన తరువాత లాగితే తెగటానికి బదులు ఎన్నో రెట్లు సాగి, సాగిన కొద్దీ గట్టిపడుతున్నది. అడ్డదిడ్డముగా ఉన్న అణుమాలికలు లాగినప్పుడు ఒకే దిక్కునకు వరుస తీరటమే దీనికి కారణము. ముర్సియాలో పట్టుపురుగు గ్రంథిని సాగదీసినవారు చేసినదీ ఇదే పని. వారికి కారణము తెలియదు, ఫలితము తెలుసు. నైలానును లోకమునకు ప్రకటించినది 1938 అక్టోబరులో. అప్పటికే కరోథర్సు మరణించి ఏడాదిన్నర అయినది. మొదట పండ్లు తోముకొనే కుంచెలకు, తరువాత మేజోళ్ళకు, యుద్ధము రాగానే పారాచూటులకు అది వెళ్ళినది. గాలపు లీడరుగా కూడ ఆ తొలి రోజులలోనే వచ్చినది.

ఇంత గొప్ప పదార్థమును వేటగాండ్రు చేతులు చాచి ఆహ్వానించినారనుకొంటే పొరపాటే. తొలి నైలాను ఏకపోగు దారము మొండిది. రీలు మీద చుట్టితే చుట్టలు చుట్టలుగా నిలిచేది. పాత ముడులు దానిమీద జారిపోయేవి. నీటిలో నానితే కొంత బలము తగ్గేది. అన్నిటికంటె పెద్ద ఫిర్యాదు అది సాగుతుందని. తెగే లోపల నాలుగో వంతు వరకు సాగగల దారముతో ముల్లు ఎట్లా దిగుతుంది అని వారి శంక. అందుచేత 1950లలో పెద్ద చేపల వేటగాండ్రు డేక్రాను అనే అల్లిక దారము వైపు మొగ్గినారు. అది పాలిఎస్టరు, చివకదు, అంతగా సాగదు. శ్రోతలకు ఈ పదార్థముతో పరోక్షముగా పరిచయము ఉన్నది. దశాబ్దములపాటు రేడియో కేంద్రములలో పాటలనూ ప్రసంగములనూ భద్రపరచిన ధ్వనిముద్రణ టేపులలో వెనుకనున్న పలుచని పొర అదే. టేపు సాగితే పాట శ్రుతి తప్పుతుంది గదా. సాగకపోవటము అక్కడ సుగుణము.

ఈడ్పు గాలములో మాత్రము అది సుగుణము కాదని అనుభవము నేర్పినది. 1950ల చివర మెత్తని నైలాను దారములు వచ్చిన తరువాత వేటగాండ్రు క్రమముగా వాటి వైపే మరలినారు. కారణము సులువుగానే అర్థమవుతుంది. పడవ వెనుక 100 గజముల దారము ఉన్నదనుకొందాము. చేప పట్టిన క్షణమున అది పదింట ఒక వంతు సాగినా, 10 గజముల మేర కుదుపు మెల్లగా పంచబడుతుంది. ఈ లోపల రీలులోని రాపిడి బిళ్ళలు కదలటానికి వ్యవధి దొరుకుతుంది. సాగని దారములో ఆ దెబ్బ అంతా ముడి మీదనో, చేప పెదవి మీదనో పడుతుంది. ముడి విడిపోతుంది, లేదా పెదవి చినిగి చేప జారిపోతుంది. ముల్లు దిగదు అన్న శంక కూడ ఈ వేటలో నిలువలేదు. పడవ వేగమే ముల్లును దింపుతుంది. చెరువు వేటలో దోషమైన గుణము ఇక్కడ రక్షణ అయినది. ఏ తరగతి దారమైనా దాని బలములో మూడవ వంతుకో, నాలుగవ వంతుకో రీలు బిగింపును అమర్చుకొనే ఆచారము కూడ ఈ ఎరుకనుండి పుట్టినదే. పొడవైన దారము నీటిలో విల్లువలె వంగినప్పుడు ఆ నీటి ఒత్తిడియే మరికొంత బరువును కలుపుతుంది గనుక ఆ మిగులు అవసరము.

ఇక లీడరు సంగతి. ప్రధాన దారము విషయములో తగవు దాదాపు తీరినా, కొస విషయములో తీరలేదు, తీరేది కూడ కాదు. సూర చేపకు చూపు మెండు, పళ్ళు చిన్నవి. వంజరమునకు, బారకూడాకు పళ్ళే ఆయుధము. మొదటిదానికి తీగ కడితే తేటనీటిలో దూరమునుండే తప్పుకొంటుంది. రెండవదానికి తీగ కట్టకపోతే ముల్లుతో సహా కొరికి పోతుంది. మన తీరమున కొమ్ముకోనము అనబడే చేపల జాతి మరొక రకము. వాటి గరుకైన ముక్కు లీడరును ఆకురాయివలె అరగదీస్తుంది. అక్కడ తీగకంటె లావుపాటి నైలాను మేలు. ఏ చేపను ఆశించి వెళ్ళుతున్నారో దానిని బట్టి కొసను ఎన్నుకొనవలసినదే. అన్నిటికీ పనికివచ్చే లీడరు అని అంగడిలో ఎవరైనా చెప్పితే నమ్మనక్కరలేదు.

1971లో జపాను దేశపు కురేహా కంపెనీ ఫ్లోరోకార్బను దారమును తెచ్చినది. కాంతి నీటినుండి ఒక వస్తువులో ప్రవేశించినప్పుడు ఎంత వంగుతుందో దానిని బట్టి ఆ వస్తువు మన కంటికి కనబడుతుంది. నీటి వక్రీభవన గుణకము 1.33, ఫ్లోరోకార్బనుది సుమారు 1.42, నైలానుది 1.5 దాటుతుంది. నీటికి దగ్గరైన కొద్దీ కనుమరుగు అవుతుంది. పైగా అది నీటిని పీల్చదు, నైలానుకంటె బరువు గనుక మునుగుతుంది, రాపిడికి బాగా తట్టుకొంటుంది. అయిదు శతాబ్దముల క్రిందట వెంట్రుకలకు రంగులద్దినవారు కోరినది ఇదే. అయితే ధర ఎక్కువ, మొండితనము ఎక్కువ. అందుచేత దారమంతా దానితో నింపక, కొన్ని బారల కొసకు మాత్రమే వాడుతున్నారు. పట్టుపురుగు నరము స్థానమును అది ఆక్రమించినదనవచ్చును.

1990లలో మరొక పదార్థము వచ్చినది. ప్రత్యేక పద్ధతిలో వడికిన పాలిఎథిలీను పోగుల అల్లిక అది. అదే లావుగల నైలానుకంటె ఎన్నో రెట్లు బలము. సాగుడు నూటికి మూడు నాలుగు వంతులే. బలమే ప్రమాణమైతే నైలాను ఆనాడే అంగడినుండి మాయము కావలసినది, కాలేదు. ఈడ్పు గాలమువారు ఈ కొత్త అల్లికను రీలు అడుగున చుట్టినారు. సన్నదనము వల్ల చిన్న రీలులో కూడ ఎంతో పొడవు ఇమిడినది. దానిపైన కొంత నైలానును, చివర ఫ్లోరోకార్బనునో తీగనో ముడివేసినారు. పొడవు కొరకు ఒకటి, కుదుపును మింగటానికి ఒకటి, కనబడకుండుటకో పళ్ళకో మరొకటి.

మన దేశములో కృత్రిమపు దారములు 1950ల నుండి వ్యాపించినవి. కేరళలో 1952లో ఆరంభమైన ఇండో నార్వీజియను పథకము, 1957లో కొచ్చిలో స్థాపితమైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ మార్పునకు తోడ్పడినవి. బెరడు కషాయపు కాగులు చల్లారినవి. వలలు, గాలములు ఆరబెట్టే పని తగ్గి, ఆ మేరకు మత్స్యకార కుటుంబములకు విశ్రాంతి, పెట్టుబడికి ఆయుస్సు కలిగినవి. ఇది చిన్న మేలు కాదు.

కాని చివకకపోవటము అనే ఆ గుణమే తెగిపోయిన దారము విషయములో ముప్పు అయినది. అవిసె త్రాడు తెగి సముద్రములో పడితే కొంత కాలమునకు మన్నయిపోయేది. నైలాను ముక్క వందల ఏండ్లు నిలుస్తుందని అంచనా. తాబేళ్ళు, సముద్రపు పక్షులు దానిలో చిక్కుకొని కదలలేక చస్తున్నాయి. ఒలోనా నారవలె ఉప్పునీటికి ఓర్చి, అవిసెవలె చివరకు నశించే దారము ఇంకను కావలసియే ఉన్నది. అటువంటివాటికై ప్రయోగములు జరుగుతున్నాయి గాని, బలములో అవి నైలానును అందుకొనలేదు.

విశాఖపట్టణము, పూడిమడక ప్రాంతముల మత్స్యకారులు సూర చేపలను నేటికీ గాలములతోనే పట్టి తెస్తున్నారు. నైలాను దారపు కొసను రెండు వ్రేళ్ళ మధ్య జార్చి చూడటము ఈ వేటలో అనుభవము గలవారు ఎప్పుడూ మానని పని. ఎక్కడ గరుకు తగిలితే అక్కడికి కోసివేసి మళ్ళీ ముడి వేస్తారు. పెద్ద చేపను పట్టిన తరువాత కొస నున్నగా కనబడినా ఒక బారెడు కోసివేయటమే మంచిది. బాగా సాగిన నైలాను పూర్తిగా తన పూర్వస్థితికి రాదు.